బెట్టకు వదిలిన తోట

డిసెంబరు 4
పులివెందులలో పిన్ని ఇంట్లో దిగాను. హార్టికల్చర్ డిగ్రీలో ఈ చివరి సెమిస్టరంతా ఇంటర్న్‌షిప్పే — సింహాద్రిపురం దగ్గర ఓబుళరెడ్డి చీనీతోటలో. బత్తాయిని ఇక్కడ చీనీ అంటారు. ఆడపిల్లను తోటపనికి రానిస్తానన్న రైతు ఆయనొక్కడేనట, అదీ కాలేజీ మేడమ్ బతిమాలితే. మా క్లాసు శిరీష ప్రొద్దుటూరులోనే ఎరువుల అంగట్లో చేరింది. చేరింది అంటే, ఫొటో దిగింది. "నువ్వు నిజంగానే పోతాండావా?" అని నవ్వింది.
పోతున్నాను మరి.

డిసెంబరు 6
ఓబుళరెడ్డి మామ ఇప్పటిదాకా నాతో అన్నది ఒకటే మాట — "చెప్పులేసుకో, ముండ్లుంటాయి." కత్తెర ఇచ్చాడు. ఎండుపుల్లలు కత్తిరించడం నా పని. చేతుల నిండా గీతలు. బాగుంది.

డిసెంబరు 11
చెట్లు వాడిపోతున్నాయి. ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి. ఎవరికీ పట్టినట్టు లేదు.

డిసెంబరు 12
మామ జమ్మలమడుగులో పెళ్ళికి పోయాడు. తోటలో నేనొక్కదాన్నే. గట్టు పక్క చెట్ల సాలు మరీ వాడిపోయింది, చూడలేకపోయాను... ఆ సాలు డ్రిప్పు వాల్వు తిప్పాను. సాయంత్రం దాకా నీళ్ళు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, ఏదో పుణ్యం చేసుకున్నట్టు కూర్చున్నాను.

డిసెంబరు 13
మామ తడి నేల చూసి అక్కడే నిలబడిపోయాడు.
"ఎవురు తిప్పినారు ఇది?"
నేనే తిప్పానన్నాను. చచ్చిపోతాయేమోనని...
"సావవు పాపా. బెట్టకు వదిల్నాం. నీళ్ళు ఆపితేనే చెట్టుకు బయం పుడ్తాది. బయపడితేనే పూస్తాది. ఇప్పుడు దానికేం తక్కువైందని పూస్తాది?"
తిట్టలేదు. తిట్టినా బాగుండేది.
రెండో ఏడాది పరీక్షలో ఇదే రాశాను — చీనీకి బెట్ట ఎందుకు, ఎప్పుడు. మంచి మార్కులే వచ్చాయి. చెట్టు ఎదురుగా వాడిపోయి నిలబడితే ఒక్క ముక్క గుర్తు రాలేదు. తల కొట్టేసినట్టయింది.

డిసెంబరు 14
ఆదివారం. ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చాను. చర్చిలో అమ్మ నా చదువు కోసం ప్రార్థన చేయించింది. నేను ఆ సాలు కోసం చేసుకున్నాను.

డిసెంబరు 15
పోనా, మాననా... పోయాను. "వచ్చినావా" అన్నాడు. కత్తెర చేతికిచ్చాడు. "ఆ సాలు నీది ఇంక. పూస్తే నీ పూత, ఆకేస్తే నీ ఆకు."

డిసెంబరు 26
నిన్న పండక్కి అమ్మ చేసిన కజ్జికాయలు మామకు తీసుకుపోయాను. తిన్నాడు.

జనవరి 5
తోటకంతా నీళ్ళు వదిలే రోజు. "తిప్పు, నువ్వే" అన్నాడు మామ. చెయ్యి ముందుకు పోలేదు.
"వద్దన్నప్పుడు తిప్పితివి. తిప్పమంటే సూస్తాండావు."
నవ్వాడు. ఆయన నవ్వడం ఇదే మొదలు.

జనవరి 19
మేడమ్ ఫోన్. ఆ నీళ్ళ సంగతి రిపోర్టులో ఎందుకమ్మా, తీసెయ్యి అంటారు. తీసేస్తే ఇంకేం మిగులుతుంది. తియ్యనన్నాను. శిరీష రిపోర్టు ఎప్పుడో అయిపోయిందట. రంగుల అట్ట కూడా.

జనవరి 28
తోటలోకి అడుగు పెట్టకముందే వాసన. అన్ని సాళ్ళలో తెల్లటి మొగ్గలు, కొన్ని విచ్చుకున్నాయి కూడా. నా సాలు దగ్గర ఆగాను. కణుపుల్లో పచ్చటి చుక్కలు. ఆకో, పూతో...
మామ కొమ్మ వంచి చూశాడు. "ఇప్పుడే తెలీదు. ఆగాల." కొమ్మ మెల్లగా వదిలాడు.
"మీ మేడమ్ ఫోన్ చేసిండె. వచ్చే ఏడు ఇంగా ఇద్దరు ఆడపిల్లోళ్ళను పంపొచ్చునా అని."
"ఏం చెప్తివి మామా?"
నా సాలు వైపు చూపించాడు.
"దాన్నడిగి చెప్తానంటి."