భుజం మీది చెయ్యి

రుఆబాంధా, భిలాయి,
12 నవంబరు 2006.

ప్రియమైన ఫ్లోరా వదినకు,

నీ ఆడపడుచు వెరోనికా వందనములతో రాస్తున్నది. ప్రభువు దయవల్ల నేనూ, మా ఆయన హార్వే కులాసాగా ఉన్నాం. విజయనగరంలో నువ్వూ నా మేనకోడలు డైసీ ఆరోగ్యంగా ఉన్నారని, ఆసుపత్రిలో నీకు నైట్ డ్యూటీలు కాస్త తగ్గాయని తలుస్తున్నాను. ఇక్కడ చలి మొదలైంది. నువ్వు వెళ్లాక చర్చిలో క్రిస్మస్ పాటలు నేర్పేవాళ్లు లేక అందరూ నిన్నే తలుచుకుంటున్నారు.

నా ఉత్తరాలకు నువ్వు జవాబు రాయడం మానేసి చాలా కాలమైంది. ఇదైనా చివరిదాకా చదువు వదినా, ముఖ్యమైన కబురుంది.

ఇమ్మాను అన్నయ్యను వెతకొద్దని అన్నావు. దారి తెలిసినవాడు, రావాలనుకుంటే తనే వస్తాడన్నావు. నీ మాటలో న్యాయం ఉంది. హథ్‌ఖోజ్ వర్క్‌షాపులో రేకులు ఒత్తే ప్రెస్సు కింద కుడిచేతి వేళ్లు పోయాక, అన్నం కలిపి పెట్టిందీ, చొక్కా గుండీలు పెట్టిందీ నువ్వే. అలాంటి నీకు మనసులో మాట ఒక్కటీ చెప్పకుండా, రాయపూర్‌లో ఉద్యోగం చూసుకుంటానని వెళ్లి తిరిగి రాలేదు. నీ కోపం నీది. కానీ ఆయన నాకు తోడబుట్టినవాడు కదా. అందుకని నీకు చెప్పకుండానే ఒక పని చేశాను.

మా వీధి చివర కుముదిని అనే అమ్మాయి నెట్ సెంటర్ నడుపుతోంది. మన తెలుగువాళ్లమ్మాయే, ఇక్కడే పుట్టి పెరగడంతో హిందీయే బాగా వస్తుంది. తప్పిపోయినవాళ్ల ఫొటోలు పెట్టే సైట్ ఒకటి ఉందని తనే చెప్పింది. డైసీ పుట్టినరోజున మీ పక్కింటి నూకరాజుగారు తన కొత్త డిజిటల్ కెమెరాతో తీసిన ఫొటో సీడీలో ఉంటే పట్టుకెళ్లాను. ఆ ఫొటో చాలా పెద్దదట, సైట్ తీసుకోలేదు. కుముదిని దాన్ని చిన్నది చేసింది. సైట్ తీసుకుంది గానీ, అందరూ ఉన్న ఫొటో కదా, అన్నయ్య ముఖం కందిగింజంత అయిపోయింది. తల్లయినా పోల్చుకోలేదు.

అప్పుడు కుముదిని ఆలోచించి, ముందు ముఖం మటుకు కత్తిరించి, ఆ తరువాత చిన్నది చేద్దామంది. ఆ రోజు నువ్వు అన్నయ్య పక్కనే నిలబడ్డావు, గుర్తుందా? నీ చెయ్యి ఆయన భుజం మీద ఉంది. ఆ చెయ్యి కూడా తీసేస్తే ముఖం ఇంకా పెద్దగా పడుతుందని కుముదిని చెప్పింది. నాకు మనసొప్పలేదు. ఉండనిమ్మన్నాను. అలాగే కత్తిరించి, చిన్నది చేసి, మా ఫోన్ నంబరు రాసి పెట్టేశాం.

వారం తరువాత వెళ్లి చూస్తే నాకు ఏడుపొచ్చింది. అన్నయ్య ముఖం పొడుగ్గా, బక్కగా, ఎవరో పట్టి పిండేసినట్టు ఉంది. వెడల్పు, ఎత్తు రెండూ కలిసి తగ్గేలా పెట్టాల్సింది పోయి, కుముదిని వెడల్పు ఒక్కటే తగ్గించిందట. పాపం, తల పట్టుకుంది. ఆ రోజే సరిచేద్దామంటే సైట్ తెరుచుకోలేదు. ఉన్న బొద్దు ముఖాన్ని బక్క ముఖం చేసి ఊరందరికీ చూపించామని ఇంటికొచ్చి బాధపడుతూ కూర్చున్నాను.

రెండు రోజులకు గోండియా నుంచి ఫోన్ వచ్చింది. బలరాం గారని రైల్వేలో రిటైరైన పెద్దాయన, శ్రీకాకుళం వైపు మనిషి. ఎప్పుడో తప్పిపోయిన తన తమ్ముడి కోసం ఆయన ఆ సైట్ చూస్తూ ఉంటాడట. “అమ్మా, ఈ ఫొటోలో మడిసిని నేను రోజూ సూత్తన్నాను. ఇక్కడ బియ్యం మిల్లు గోడౌన్లో ఉంతాడు,” అన్నాడు.

నేనూ హార్వే మర్నాడే బండెక్కాం. వదినా, అన్నయ్య చిక్కి సగమైపోయాడు. ఆ తప్పు ఫొటోలో ఎలా ఉన్నాడో అచ్చం అలాగే ఉన్నాడు. సరైన ఫొటో పెట్టి ఉంటే ఆ బొద్దు మనిషిని తాను పోల్చుకునేవాణ్ని కాదని బలరాం గారు అన్నారు. తన తమ్ముడు ఇంకా దొరకలేదు, అయినా మమ్మల్ని చూసి ఆ పెద్దాయన ఎంత సంతోషపడ్డాడో చెప్పలేను.

అన్నయ్య మొదట రానన్నాడు. ఏ ముఖం పెట్టుకుని వస్తానన్నాడు. చేతకానివాణ్ని అయిపోయానని, నీ సంపాదన తింటూ కూర్చోలేకపోయానని చెప్పాడు. అదే మాట నీతో చెప్పి ఉండాల్సిందని నేను గట్టిగానే అన్నాను. బలరాం గారు తమ ఇంట్లో కంప్యూటర్ మీద ఆ ఫొటో చూపించారు. అన్నయ్య తన ముఖం కేసి చూడనేలేదు. భుజం మీది నీ చేతి మీద ఎడమచేతి వేలు పెట్టి, “ఈ చెయ్యి కూడా కోసేసుంటే నేను వచ్చీవోణ్ని కాదు వెరోనికా,” అన్నాడు.

ఇప్పుడు మా ఇంట్లోనే ఉన్నాడు. ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు, మిల్లులో లెక్కలన్నీ తనే రాసేవాడట. తాగుడు లాంటివేమీ లేవు. డైసీ ఎంత పొడుగైందని అడిగాడు. నీ గురించి అడగడానికి నోరు రావడం లేదు, నేను నీ పేరెత్తితే మటుకు చేస్తున్న పని ఆపి వింటాడు.

ఆయన్ని క్షమించమని నేను అడగడం లేదు. అది నా చేతిలోది కాదు, పడ్డదానివి నువ్వు. తిట్టాలనుంటే తిట్టు, వినాల్సిందే. మనిషి బతికే ఉన్నాడు, మంచిగా ఉన్నాడు. ఈ సంగతి నీకు తెలియాలని రాశాను. నువ్వేం చెప్పినా నేను నీ ఆడపడుచునే.

డైసీకి నా ముద్దులు.

నీ
వెరోనికా

తా.క. కవరు అంటించి పోస్టులో వెయ్యడానికి బయలుదేరితే, అన్నయ్య గుమ్మంలో నిలబడి, తనే విజయనగరం తీసుకెళ్తానన్నాడు. అందుకే కవరు మళ్లీ తెరిచి ఇది రాస్తున్నాను. ఇది నీకు వార్డులో ఆయమ్మ చేత అందుతుంది. తెచ్చిన మనిషి ఆసుపత్రి గేటు బయట కూర్చుని ఉంటాడు. నువ్వు రమ్మంటే గానీ లోపలికి రానన్నాడు, వద్దంటే రాత్రి బండికి వచ్చేస్తానన్నాడు. పొద్దున్న రైలు దిగినప్పటి నుంచి ఏమీ తిని ఉండడు. ఒక్కసారి కిటికీలోంచి చూడు వదినా.