అత్తయ్యగారి పాటకు వంత

ఏప్రిల్ 1, బుధవారం
ఉల్లిపాయలు, పెట్రోలు, అత్తయ్యగారి మోకాళ్ళకు నూనె.
సాయంత్రం చో ఆంటీ వచ్చారు. ప్రతి బుధవారం లాగే వంటింట్లోనే మకాం. రంగూన్‌లో పుట్టిన తెలుగావిడ మా అత్తయ్యగారు, మాండలే నుంచి వచ్చిన బర్మా ఆవిడ చో ఆంటీ — ఇక్కడి మౌంట్ రాస్కిల్ కూరగాయల కొట్టులో చివరి గోంగూర కట్ట మీద ఇద్దరూ ఒకేసారి చెయ్యి వేశారు. అప్పటినుంచి స్నేహం. వాళ్ళ బర్మా భాష నాకు ఒక్క ముక్క తెలియదు. గోడకు ఇవతల కూర్చుని ఆ నవ్వులు వినడం మాత్రం ఇష్టం.
ఇవాళ నవ్వు మధ్యలో ఆగింది. బర్మా వాళ్ళ నీళ్ళ పండగ పన్నెండున. ఈసారి స్టేజీ మీద, ఒకప్పుడు బర్మాను ఏలిన పాత జనరల్ పటం పెడతారట. పిల్లల బహుమతి కూడా ఆయన పేరుతోనే. చో ఆంటీ అన్నయ్యే ఇక్కడి బర్మా సంఘానికి అధ్యక్షుడు. వాళ్ళ నాన్న ఒకప్పుడు ఆ జనరల్ ఆఫీసులో పని చేశాడు.
ఆవిడ వెళ్ళాక అత్తయ్యగారు కడిగిన కప్పునే మళ్ళీ కడుగుతున్నారు.
"ఆడి పేరున పిల్లలకి బహుమతేటి బాబూ?"
కప్పు తీసుకుని తుడిచి పెట్టాను.

ఏప్రిల్ 2
మా ఆవిడ లలితను అడిగాను. తల్లి సంగతి తనకూ ముక్కలు ముక్కలుగానే తెలుసు. రంగూన్‌లో తాతగారి బట్టల కొట్టు. జనరల్ వచ్చాక ప్రభుత్వం తాళం వేసింది. ఓడలో విశాఖపట్నం. ఎక్కే ముందు రేవులో సోదా — అప్పటికి చిన్నపిల్ల అయిన అత్తయ్యగారి చెవి పోగులు కూడా విప్పించారు. "అమ్మ ఎప్పుడూ కూర్చుని చెప్పలేదండీ. ఏదో ఒకటి తరుగుతూ చెప్తుంది. మధ్యలో ఆపేస్తుంది."

ఏప్రిల్ 3, గుడ్ ఫ్రైడే
గ్యారేజీకి సెలవు. కొట్లన్నీ మూత. ఖర్చు ఏమీ లేదు.
అత్తయ్యగారు చిక్కుడుకాయలు ఒలుస్తూ వేళ్ళతో పీట మీద దరువు వేస్తున్నారు. పెదవులు కదులుతున్నాయి. జపం అనుకున్నాను.
"పుస్తకం తెండి బాబూ. నేను చెప్తాను, రాయండి."
బర్మా పద్యం! ఆవిడకు ఆ లిపి రాదు, నాకు ఆ భాష రాదు. తెలుగు అక్షరాల్లో పట్టుకున్నాను. తర్వాత ఒక్కో ముక్కకూ అర్థం చెప్పారు —
బియ్యం పండే నేలలో గంజికి వరస కట్టించావు... పటంలో నీ బుగ్గలు మాత్రం నిండుగానే ఉన్నాయి జనరల్.
నవ్వాను. ఆవిడ నవ్వలేదు. తర్వాత నవ్వారు.

ఏప్రిల్ 4
పండగకి వాళ్ళకో ఆచారం ఉందట. డప్పు కొట్టి, పాలించేవాళ్ళను పాటలో ఉతికి ఆరేయడం. ఒకరు అందుకుంటే మిగతావాళ్ళు బదులు అరవాలి. ఆ పూట ఎవరు ఏమన్నా ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. సైన్యం వాళ్ళు అక్కడ ఆ పాటనే నిషేధించారట. ఇక్కడ ఇప్పటికీ పండగలో అరగంట దానికి వదిలేస్తారు. ఎవరైనా స్టేజీ ఎక్కవచ్చు.
అత్తయ్యగారు ఎక్కుతారట.
లలిత: "అమ్మా, ఇష్యూ అవుతుంది. చో ఆంటీ మొహం చూడగలవా?"
"చో కోసమే భయం. ఆడికోసం కాదు."

ఏప్రిల్ 5
చలికాలానికి ఇక్కడి పద్ధతి ప్రకారం గడియారాలు గంట వెనక్కి తిప్పాం. చలి మొదలైంది. బదులు అరిచేవాడు కావాలట... లలితకు ఆ రోజు డ్యూటీ. నేనే.

ఏప్రిల్ 6
స్మోకో టైంలో, అదే టీ విరామంలో కూడా నేను నోరు విప్పను. గ్యారేజీలో వాళ్ళకు నా గొంతు ఎలా ఉంటుందో తెలుసో లేదో. అంతమంది ముందు, రాని భాషలో.
కాదని చెబుదామనే వంటింట్లోకి వెళ్ళాను. "బకెట్టు తెస్తారా? దరువుకి" అన్నారు. తెస్తానన్నాను.

ఏప్రిల్ 7
ఖాళీ పెయింటు బకెట్టు, కడిగి తెచ్చాను. రిహార్సల్. ఆవిడ ఒక్కో పాదం చివర ఆగగానే నా నోటి నుంచి "తందాన తాన" అని వచ్చేస్తోంది. చిన్నప్పుడు బుర్రకథలు చూసిన ప్రభావం. వంత అంటే నాకు తెలిసింది అదొక్కటే.
"ఏటి బాబూ, నాజర్ దళం అనుకున్నారేటి — ఇది బుర్రకథ కాదు!" కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఆఖరి మాటను తిరిగి చెబితే చాలట. రాసుకున్నాను.

ఏప్రిల్ 8, బుధవారం
చో ఆంటీ వచ్చారు. పాట సంగతి అత్తయ్యగారే చెప్పేశారు. నేను హాల్లో కూర్చున్నాను. వెళ్ళేటప్పుడు చో ఆంటీ నాతో ఇంగ్లీషులో అన్నారు — "జనరల్‌ను ఏమన్నా అనుకోనీ. మా నాన్న ఆఫీసర్‌గా ఉండేవాడు, అంతే. ఆయన్ని అందులోకి లాగొద్దని చెప్పు." తలూపాను.
రాత్రి అన్నాల దగ్గర అత్తయ్యగారు చివరి చరణం కొట్టేయమన్నారు. ఆ చరణం ఇదీ — రేవులో చిన్నపిల్ల చెవులు తడిమారు, ఆ పోగులు ఏ ఆఫీసరు భార్య పెట్టుకుందో.
కొట్టేశాను. సన్నగా, ఒకే గీత.

ఏప్రిల్ 11
బియ్యం, మందులు. గొంతుకు మిరియాల పాలు. ఆవిడకు కాదు, నాకు.

ఏప్రిల్ 12, ఆదివారం
స్కూలు హాలు. బయట వాన, లోపల కూడా నీళ్ళే — గిన్నెల్లో ఆకుల కొమ్మలు ముంచి పిల్లలు అందరి మీదా చల్లుతున్నారు. చేపల పులుసు నూడుల్స్ వాసన. స్టేజీ మీద పటం, పూలదండ. బుగ్గలు నిజంగానే నిండుగా ఉన్నాయి.
అత్తయ్యగారు జరీ అంచు చీర, మీద లలిత పఫర్ జాకెట్టు. నేను బకెట్టు పట్టుకుని వెనక.
మొదటి పాదం. ఆవిడ ఆగారు. నేను అనాల్సిన మాట... మనసంతా ఖాళీ. చేతిలో కాగితం ఉంది. చూడాలని తోచలేదు.
"తందాన తాన!"
హాలంతా ఒక్క క్షణం బిత్తరపోయింది. వెనక బెంచీలో ఒక ముసలాయన గట్టిగా నవ్వి, అదే మాట తిరిగి అరిచాడు. రెండో పాదానికి పది మంది. గంజి చరణానికి హాలు హాలంతా — లుంగీలు, కోట్లు, పిల్లలు — "తందాన తాన!" అత్తయ్యగారు నన్నొకసారి చూశారు. మందలింపు అనుకున్నాను. కాదు.
కాగితం ప్రకారం పాట అక్కడితో అయిపోయింది. నేను బకెట్టు ఎత్తబోయాను. ఆవిడ కదలలేదు. కుడి చెయ్యి ఉత్త చెవి దగ్గరకు వెళ్ళింది... కొట్టేసిన చరణం చెప్పారు. మెల్లగా, దరువు లేకుండా. అర్థం నాకు తెలుసు కాబట్టి తల వంచుకున్నాను. ఈసారి ఎవరూ బదులు అరవలేదు.
చో ఆంటీ మూడో వరసలోంచి లేచి వంటశాల వైపు వెళ్ళిపోయారు.
బహుమతులు ఇచ్చేటప్పుడు అధ్యక్షుడు ఆ జనరల్ పేరు చదవలేదు. ఆ పేరు సంగతి వచ్చే మీటింగులో తేలుస్తారట. పటం అక్కడే ఉంది.

ఏప్రిల్ 13
ఇవాళ టీ తాగుతూ అత్తయ్యగారు అన్నారు —
"ఆ చరణం చెప్పకూడదనే ఎక్కాను బాబూ. నోరు ఆగలేదు."
"బాగా చెప్పారు అత్తయ్యగారూ." ఇంకేదైనా అని ఉండాల్సింది.

ఏప్రిల్ 15, బుధవారం
అత్తయ్యగారు రెండు కప్పులు కడిగి పెట్టారు. చీకటి పడ్డాక ఒకటి లోపల పెట్టేశారు.

ఏప్రిల్ 16
చో ఆంటీకి మెసేజ్ పెట్టిందట లలిత. చూసినట్టు ఉంది. జవాబు లేదు.
వంటింట్లో బర్మా మాటలు లేని ఇల్లు... ఫ్రిజ్ చప్పుడు ఇంత పెద్దదని తెలియదు.

ఏప్రిల్ 17
మీటింగు వచ్చే వారం శనివారమట. చో ఆంటీ కూడా ఓటు వెయ్యాలి. "అన్నయ్యకి ఎదురు వెయ్యమని నేను అడగను. పాటలో అడిగింది చాలు" అన్నారు అత్తయ్యగారు. "చో వచ్చి తిట్టినా బాగుణ్ణు."

ఏప్రిల్ 18, శనివారం
పొద్దున్నే గేటు ముందు చో ఆంటీ తెల్ల కారు. ఇంజను ఆపలేదు. వైపర్లు తిరుగుతున్నాయి. ఆవిడ స్టీరింగు పట్టుకుని ఎదురుగా చూస్తున్నారు, మా ఇంటి వైపు కాదు. పక్క సీటులో పేపర్లో చుట్టిన ఆకుకూర ఏదో.
అత్తయ్యగారు కిటికీ తెర వెనక.
"వెళ్ళి పిలవండి బాబూ."
"మీరు పిలిస్తేనే..."
"నేను పిలిస్తే క్షమాపణ అడిగినట్టవుద్ది. చెప్పిన దానికి నేను అడగను. అది వెళ్ళిపోతే మాత్రం ఉండలేను."
"ఏమని పిలవను?"
"అంతమంది ముందు అరిచారు. లోపలికి రండి అనలేరా?"
చెప్పులు దొరకలేదు. గొడుగు తీసుకుని వట్టి కాళ్ళతో దిగాను. గడ్డి చల్లగా ఉంది. నేను సగం దారిలో ఉండగా కారు అద్దం కొద్దిగా కిందికి దిగింది. అంతే దిగి ఆగింది. గొడుగు ఆవిడ వైపు చాచి నిలబడ్డాను... నోరు తెరిచాను.