గుల్మార్గ్‌లో దిగింది నేను కాదు

ఖాదరన్నా,

నువ్వు పోయినాక వచ్చిన మొదటి రంజాన్ పండగ ఇది. ఈరోజు ఈ ఎడారి దేశపు మాల్‌లో, నువ్వూ పనిచేసిన మన స్కీల అంగడికి ఒక జర్మనీ ఆయన వచ్చినాడు. మనిషి కంటే పొడవైన స్కీలు రెండు జతలు ముందర పెట్టుకుని, "నిటారు కొండల మీద వేగంగా దిగాల. వీటిలో ఏది మంచిది?" అని అడిగినాడు.

నువ్వు మిలిటరీలో ఉన్నప్పుడు గుల్మార్గ్ మంచుకొండల్లో నేర్చుకుని నాకు చెప్పిందే ఆయనకు చెప్పినా. "లోపల అల్యూమినియం రేకు ఉన్నది గట్టి మంచు మీద వణకదు. కానీ కాళ్లు అలిసినాయంటే మన మాట వినదు, అదే మనల్ని లాక్కుపోతుంది. వెడల్పుది మెత్తని మంచులో తేలుతుంది, గట్టి మంచు తగిలితే అదురుతుంది." అంతటితో ఆగింటే బాగుండు. "గుల్మార్గ్‌లో నేనే దిగినా" అనేసినా.

ఆయనకు సంబరమైపోయింది. "అయితే నాతో రా, ఇక్కడే దిగుదాం" అన్నాడు. మన మేనేజరు ముదీర్ సాబ్ కూడా "యల్లా, పో" అన్నాడు. మాల్ లోపల మిషన్లతో చేసిన ఆ మంచుకొండ మీద నాకు నిలబడటమే రాదని నీకు తెలుసు.

తలొంచుకుని చెప్పినా. "దిగింది నేను కాదు సార్. మా అన్న. ఇప్పుడు లేడు."

ఆయన కోప్పడలేదు. రేకున్న జత తీసుకుని, "మీ అన్న పేరేంది?" అని మాత్రం అడిగినాడు.

సాయంత్రం పండగని వదినకు ఫోన్ చేసినా. "అంగట్లో మీ అన్నను ఎవరన్నా తలుచుకుంటారా?" అని అడిగింది.

"ఈరోజే ఒకాయన పేరడిగినాడు వదినా" అన్నా.

ఎంత సంతోషపడిందో అన్నా. నేను చెప్పిన అబద్ధం వల్లే అడిగినాడని మాత్రం చెప్పలేకపోయినా.

నీ రఫీ