పౌర్ణమి వసూళ్ళు

బందరు,
3-2-1958.

గౌరవనీయులైన గోవర్ధనరావు గారికి, హార్మోనియాల సుందరరాజు గారి అమ్మాయి ఎలీసబెతు నమస్కరించి రాసుకునే సంగతులు.

మూడేళ్ళ కిందట మార్చి ఇరవైన మా నాన్నగారి కొట్లో మీరు హార్మోనియం తీసుకున్నారు. వెల నూట ఎనభై. అరవై ఇచ్చారు. మిగతా నూట ఇరవై కోసం నాన్నగారు ప్రతి పౌర్ణమికీ బస్సెక్కి, పడవ దాటి కోడూరు వస్తున్నారు, ఉత్త చేతులతో తిరిగొస్తున్నారు. ఏమైందని అడిగితే "పాపం, ఏం చేస్తారు" అంటారు. పైగా కూనిరాగం తీస్తారు.

మూడేళ్ళు దాటితే బాకీకి కాలదోషం పడుతుందని, ఆపైన కోర్టుకు వెళ్ళినా చెల్లదని గుడివాడలో ప్లీడరు గారు చెప్పారు. ఈలోగా "ఇంత బాకీ ఉన్నాను" అని మీరు సంతకంతో ఒక ముక్క రాసిచ్చినా మరో మూడేళ్ళు గడువు వస్తుందట. దయచేసి రాయగలరు.

విధేయురాలు,
ఎలీసబెతు.

తా.క.: నేను ఎస్సెస్సెల్సీ ప్యాసయ్యాను. మా ఇంట్లో చదవడం వచ్చింది నాకొక్కదానికే కాబట్టి, ఈ ఉత్తరం సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

కోడూరు,
9-2-1958.

చిరంజీవి ఎలీసబెతును ఆశీర్వదించి గోవర్ధనరావు రాయునది.

అమ్మాయీ, నీ దస్తూరీ తాడు పట్టి వరసలుగా ఊడ్చిన వరిచేనులా ఉంది. ఇక ఆ పెట్టె సంగతి ఏమని చెప్పను! పొద్దుగూకాక మా అరుగు మీద దాన్ని తెరిస్తే ఉప్పుగాలి లోపలికి పోయి పాటై బయటికొస్తుంది. మినపచేల మీద వెన్నెల పడితే ఏది చేనో ఏది సముద్రమో తెలియదు. కాలవలో పోయేవాళ్ళు గెడ వెయ్యడం మానేసి వింటారు. పడవలు వాటి మానాన అవే కొంతదూరం పోతాయి. మా నాటకాల జట్టు పద్యం అందుకుందంటే నాకు నిద్రకీ మెలకువకీ తేడా ఉండదు.

నెయ్యి, తేగలు, కాసిని మినుములు పంపుతున్నాను. అందరూ తినండి.

శుభాకాంక్షి,
గోవర్ధనరావు.

తా.క.: ఉత్తరంలో నువ్వు ఇంకేదో కూడా రాశావు. సరిగ్గా ఆ పేరా దగ్గరే నా కళ్ళజోడు మసకేసింది.

బందరు,
14-2-1958.

గోవర్ధనరావు గారికి నమస్కారాలు.

మీరు పంపినవి చేరాయి. బందరు బజారు ధర కట్టి పద్నాలుగు రూపాయలు మీ బాకీలో జమ వేశాను. ఇక నూట ఆరు. రసీదు రెండు ప్రతులు పంపుతున్నాను. ఒకదాని మీద సంతకం చేసి తిప్పి పంపండి. కొంత చెల్లించినట్టు మీ సంతకం ఉన్నా గడువు పెరుగుతుందట.

మీ పడవలు నాకు కలలోకొచ్చాయి. ఒకదాంట్లో నాన్నగారు ఉన్నారు. చేతులు ఉత్తవే.

విధేయురాలు,
ఎలీసబెతు.

తా.క.: తేగల్లో ఒకటి పుచ్చింది. దానికి ధర కట్టలేకపోయాను, మన్నించండి.

కోడూరు,
20-2-1958.

అమ్మాయీ! దీవెనలు తరవాత.

పెట్టుబోతలకు ధర కడతారటే? మా ఆవిడ గంగాదేవి స్వయంగా కాచిన నెయ్యి అది! నీ రసీదు చదివి వినిపిస్తే "మనదేమన్నా నేతి కొట్టా?" అని కవ్వం అవతల పడేసింది. ఆనాటినుంచీ ఇంట్లో మజ్జిగ లేదు. రసీదు తిప్పి పంపుతున్నాను. సంతకం పెట్టను. పెట్టుబోత అంటే ఏమిటో నీకు తెలిసిరావాలని మినుములు ఒక బస్తా బస్సుకి వేయించాను. జమ వేశావంటే చూడు!

ఇట్లు,
గోవర్ధనరావు.

తా.క.: అయినా నెయ్యికి అదా ధర?

బందరు,
2-3-1958.
రిజిస్టర్డ్ నోటీసు.

గోవర్ధనరావు గారికి నమస్కారాలతో తెలియజేయునది.

బస్తా చేరింది. నలభై రూపాయలు జమ వేశాను. నెయ్యి ధర సవరించి మరో రెండు కలిపాను. మిగిలిన అరవై నాలుగు రూపాయలూ మార్చి ఇరవైలోగా చెల్లించవలెను.

గుడివాడ టేకు కొట్టుకు మేం నూరు రూపాయలు ఇవ్వాలి. ఉగాదిలోగా ఇవ్వకపోతే కొట్టు సామానంతా పట్టుకుపోతామని వాళ్ళ మనిషి చెప్పి, సగం చేసిన హార్మోనియాన్ని చేత్తో తడిమి చూసి వెళ్ళాడు. మినుములిస్తే వాళ్ళు పుచ్చుకోరట. నాన్నగారికి చెప్పలేదు. నిద్రలో కూడా ఆయన వేళ్ళు హార్మోనియం మెట్ల మీద ఆడుతున్నట్టే కదులుతుంటాయి. వాటికి పెట్టె లేకుండా పోతుందని ఎలా చెప్పను?

మీ గుమ్మంలో మనిషిని కూర్చోబెట్టి పరువు తీయడం మాకు చేతకాదు, చట్టమూ ఒప్పదు. చట్టం ఒప్పేది ముందు నోటీసు, తరవాత మునసబు కోర్టు.

విధేయురాలు,
ఎలీసబెతు.

తా.క.: కోర్టు ఫీజుకు మా దగ్గర డబ్బుల్లేవు. దయచేసి అంతదాకా రానివ్వకండి.

కోడూరు,
6-3-1958.

చిరంజీవి ఎలీసబెతుకు గోవర్ధనరావు, గంగాదేవి దీవెనలు.

నీ రిజిస్టరు ఉత్తరం నిన్న పొద్దువాలే వేళ వచ్చింది. నిన్న పౌర్ణమి. మా అరుగు మీద మీ నాన్నగారు హార్మోనియం వాయిస్తున్నారు.

ఇక దాచి లాభం లేదు. నూట ఇరవై రూపాయలూ తొలి పంటకే ఆయన ముందు పెట్టాను. ముట్టుకోలేదు. "ఇది పుచ్చుకుంటే వచ్చే పౌర్ణమికి ఇంట్లో ఏమని చెప్పి బయల్దేరనండీ? వసూలుకి అంటేనే మా ఆవిడ ప్రేమమ్మ పంపుతుంది. నాటకం పద్యాలకి అంటే, చర్చిలో వాయించే చేతులతో ఇదేం పనని మీద పడుతుంది" అన్నారు. ప్రతి పౌర్ణమికీ నేనివ్వబోవడం, ఆయన వద్దనడం. ఆయన మాట పోనివ్వలేక నీకు అడ్డదిడ్డంగా రాశాను.

నీ నోటీసు చదివి వినిపించాను. గుడివాడ మాట దగ్గర ఆయన చేతులు ఆగాయి. తిత్తిలో మిగిలిన గాలికి ఒక్క స్వరం మాత్రం సన్నగా మోగి మోగి ఆగిపోయింది.

"పిల్ల నాకు చెప్పలేదేమండీ?" అన్నారు.

"మీరు పిల్లకి చెప్పారా?" అన్నాను.

నూట ఇరవై ఈ పొద్దునే మనియార్డరు కట్టాను. పెట్టుబోతలు అందులో మినహాయించలేదు. జమ కొట్టేయి.

మా జట్టు పెద్దదైంది, రెండో హార్మోనియం కావాలి. వెల పాతదే. అరువు. ప్రామిసరీ నోటు స్టాంపు మీద సంతకంతో జతచేశాను. నెలకు మూడు రూపాయలు, ప్రతి పౌర్ణమినాడు, కోడూరులో మా అరుగు మీద, మీ నాన్నగారు స్వయంగా వచ్చి పుచ్చుకోవలెను.

ఇట్లు, బాకీదారు,
గోవర్ధనరావు.

తా.క.: గట్టు తగాదాలతో కోర్టు మెట్లు అరగదీసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, నోటీసు బాగా రాశావు. ఒకటే లోపం. సరుకు అమ్మింది మీ నాన్నగారు. దావా వేస్తే ఆయన పేరనే వేయాలి, ఆయనే సంతకం పెట్టాలి. నిన్న అడిగి చూశాను, నామీద దావా వేస్తారా అని. వచ్చే పౌర్ణమి దాటాక చూద్దామన్నారు.