వాన వీధి తెర

అమ్మకు,

నీ పెద్దకూతురు నమస్కరించి రాసేది. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. నాన్న దగ్గు తగ్గిందని, మీరంతా బాగున్నారని నువ్వు టీచరమ్మగారితో చెప్పి రాయించిన ఉత్తరం చూశాక మనసు కుదుటపడింది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. వేళకే తింటున్నాను. గది గోడ ఇంకా చెమ్మగానే ఉంది, మంచం ఇవతలికి లాక్కున్నాను. నాటకశాలలో ఇప్పుడు తెరల పనంతా నాదే. ‘మన ఇంట్లో మొదట బడికెళ్లినదానివి, ఈ రంగులు పూసే పనేంటే’ అన్నావు. ఏం చెప్పనమ్మా! బొమ్మ వేస్తుంటే నాకు ఆకలి కూడా గుర్తురాదు. అందులోనే పైకి రావాలని ఉంది.

ఇదివరకు ఇక్కడ తెరలు వేసిన మేస్త్రి మీద కోపం పోయిందా అని కూడా అడిగావు. టీచరమ్మగారూ, ఇక్కణ్ణుంచి అమ్మకొక్కదానికే వినపడేలా చదవండి.

పోయినేడు నేను సొంతంగా వేసిన మొదటి తెర, వాన కురిసే వీధి, నీకు తెలుసు. చూసినవాళ్లు మేస్త్రిని మెచ్చుకుంటే ఆయన నవ్వి ఊరుకున్నాడు. అప్పట్నుంచి అది ఆయన తెరే అయిపోయింది. ఇప్పుడు చూపు మందగించి ఆయన పని మానేశాడు.

మా దగ్గర పాత తెర మీదే తెల్లరంగు పూసి కొత్త బొమ్మ వేస్తాం. కిందటి వారం కొత్త నాటకానికి తెర కావాల్సి వచ్చింది. చెరపడానికి వీలైనవి రెండే: నా వాన వీధి, మేస్త్రి ఎప్పుడో వేసిన సముద్రం. ఏది చెరపాలో నన్నే తేల్చమన్నారు. ఆ సంగతి తెలిసి మేస్త్రి కూడా వచ్చి ఓ మూల కూర్చున్నాడు. నేను తెల్లరంగు బకెట్ తీసుకుని వాన వీధి మీద పూత మొదలుపెట్టాను.

“అదేంటమ్మాయ్, మేస్త్రి తెర చెరిపేస్తున్నావ్?” అన్నాడు వడ్రంగి బాబాయి.

“నాది కాదురా, అది ఈ పిల్లదే” అన్నాడు మేస్త్రి. “నేనే నోరు మూసుకుని నాదనిపించుకున్నాను. అయినా నా సముద్రాన్ని ఉంచి తనది చెరుపుకుంటోంది చూడు. నన్ను క్షమించేసిందిరా.” కళ్లు తుడుచుకున్నాడు.

“మనసంటే నీదే తల్లీ! అదే మా ఆవిడైతే ముందు నన్ను చెరిపేసేది” అన్నాడు బాబాయి.

అందరూ నవ్వారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఆ తెర నాదని అందరికీ తెలిసేసరికి సగం వీధి తెల్లరంగు కిందికి వెళ్లిపోయింది.

అమ్మా, నేను ఆయన్ను క్షమించలేదు. నా తెర ఆయనదిగా వేలాడటం చూడలేక చెరిపాను. నాకు దక్కనిది ఆయనకూ దక్కకూడదనుకున్నాను. ఆ మాట చెప్పాల్సింది, చెప్పలేదు. మెప్పు వచ్చి ఒళ్లో పడితే ఊరుకోవడం ఎంత సులువో అప్పుడు తెలిసింది. ఆయన కూడా ఆ రోజు ఇలాగే ఊరుకుని ఉంటాడు. అది అర్థమైనా కోపం పోలేదు. ఇప్పుడు దానికి సిగ్గు కూడా తోడైంది.

నిజం చెప్పేద్దామని నిన్న ఆయన ఇంటికి వెళ్లాను. “ఏమే, ఆ పిల్ల వచ్చింది!” అని భార్యను కేకేశాడు. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. “ఏడాదై సరిగా నిద్రపోలేదమ్మా ఈయన. ఇప్పుడు హాయిగా పడుకుంటున్నాడు” అంది.

టీ తాగి వచ్చేశాను.

ఇట్లు,
నీకు తప్ప ఎవరికీ చెప్పలేకపోయిన
నీ పెద్దకూతురు