మచ్చు కాగితం

నందిగామ,
ఫిబ్రవరి 3

పెదనాన్నగారికి ప్రసన్న నమస్కారాలు.

ఫోన్ చేస్తే మీ మిర్చి కొట్లో కేకలకి సగం మాటలు గాల్లో కలిసిపోతున్నాయి. అందుకే ఉత్తరం రాసి ఖాదర్ వలి గారి ఆటోలో పంపుతున్నా.

రోగుల్ని చూసుకుంటూనే పరిశోధన చేసే డాక్టర్లకి ఒక సంస్థ గ్రాంటు ఇస్తుంది. కిందటేడు అడిగితే కారణం చెప్పకుండా తిప్పికొట్టారు. ఈసారి పద్ధతి మార్చారు. ముందు మన ఆలోచన ఒక్క పేజీలో పంపితే లోటుపాట్లు చెబుతారు. సరిచేసుకుని అసలు అర్జీ పెట్టుకోవాలి. ఈసారీ పోతే, ఆసుపత్రిలో పరిశోధన కోసం నాకిచ్చిన వారానికి ఒక్కరోజూ తీసేస్తారు.

మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళకి ఆ దుమ్ము వల్ల ఊపిరి తగ్గుతోందని నా అనుమానం. వాళ్ళకి మాస్కులిచ్చి, నెలనెలా మా ఆసుపత్రికి రప్పించి ఊపిరి కొలవాలని ఆలోచన. మీకోసం తెలుగులో రాసిన పేజీ జతచేశా. చదివి తప్పులు చెప్పండి.

మీ ప్రసన్న

తా.క.: ఎవరికీ చూపించకండి.

---

జగ్గయ్యపేట,
ఫిబ్రవరి 5

చిరంజీవి డాక్టరమ్మకి పెదనాన్న వెంకటకృష్ణారావు ఆశీస్సులు.

నీ కాగితం బ్రహ్మాండంగా ఉంది. ఒక్క తప్పు లేదు. మన ఇంట్లో ఇంత పొడుగు వాక్యాలు రాసినవాళ్ళే లేరు.

సరుకు అమ్మేముందు మచ్చు నలుగురికీ చూపించడం మన పద్ధతి కదా. అందుకని మిరపకాయల మచ్చుల పక్కనే నీ కాగితం కూడా బల్లమీద పెట్టా. వచ్చిన రైతల్లా చూశాడు. పెనుగంచిప్రోలు వీరరాఘవయ్య కళ్ళజోడు మర్చిపోయొచ్చాడు. అయినా కాగితాన్ని వేళ్ళమధ్య నలిపి, వాసన చూసి, మంచి సరుకన్నాడు.

తప్పులు చెప్పమని అడిగావంటే నిన్నక్కడ ఎవరో చిన్నబుచ్చారన్నమాట. పేరు చెప్పు, నేనొచ్చి మాట్లాడతా.

ఆశీస్సులతో,
పెదనాన్న

తా.క.: ఎవరికీ చూపించొద్దని తాజాకలంలో రాశావు. నేను తాజాకలం ఆఖర్న చదువుతా.

---

నందిగామ,
ఫిబ్రవరి 6

పెదనాన్నగారికి నమస్కారాలు.

నన్నెవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే నా ఏడుపు. ఇక్కడ నర్సుల దగ్గర్నుంచి పెద్ద డాక్టరుగారి దాకా అందరిదీ ఒకటే మాట, "బావుందమ్మా" అని. డాక్టరు మొహం మీద తప్పు చెప్పడం మర్యాద కాదట.

మిమ్మల్నే ఎందుకడిగాననుకున్నారు? పెళ్ళికెళితే పప్పులో ఉప్పూ, పందిట్లో వంకరా వెతికి పట్టుకునే మనిషి మీరు. బస్తా విప్పగానే మీ చెయ్యి సరిగ్గా తాలుకాయ మీదికే పోతుంది. నాది అన్న కూతురి కాగితమని... కాదు, తమ్ముడి కూతురి కాగితమని మర్చిపోయి, గిట్టనివాడి బస్తా అనుకుని చూడండి. కంగారులో వరసలు కూడా తప్పుతున్నాయి. సోమవారం పంపేయాలి.

మీ ప్రసన్న

తా.క.: కాగితం బల్లమీంచి తీసేయండి. ఈ ముక్క ఇక్కడ రాయకూడదని తెలుసు, కానీ పైన చోటు చాల్లేదు.

---

జగ్గయ్యపేట,
ఫిబ్రవరి 7

చిరంజీవి ప్రసన్నకి ఆశీస్సులు.

అడిగావు కాబట్టి చెబుతున్నా, తర్వాత అలగకు.

"అనుమానం" అని రాశావు. అమ్మేవాడికే సరుకు మీద అనుమానమైతే కొనేవాడెవడు? "రుజువైంది" అని రాయి. నూట ఇరవైమందిని పరీక్ష చేస్తానన్నావు. నూట పదహారు చెయ్యి, శుభం. పైన వేదాద్రి స్వామివారి పేరు లేదు. కింద మన కొట్టు పేరు లేదు.

ఆశీస్సులతో,
పెదనాన్న

తా.క.: ఇవన్నీ నేను పైకి చదువుతుంటే, మన గోడౌనులో తొడిమలు తీసే లూర్దమ్మ పకపకా నవ్వింది. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నా. "సీజన్లో పని మానుకుని నెలనెలా నందిగామ బస్సెక్కి ఎవరొస్తారండి? సీజనయ్యాక వద్దామంటే అప్పుడు దుమ్మెక్కడుంటదండి? మాస్కిస్తారంట, చెమటకి కారం లోపలే అంటుకుని మూతి మండిపోద్దండి. డాక్టరమ్మగారు ఒక్కపూటైనా మా పక్కన కూర్చున్నారాండీ?" చదువులేని మనిషి, పట్టించుకోకు.

---

నందిగామ,
ఫిబ్రవరి 14

పెదనాన్నగారికి నమస్కారాలు.

మీరు చెప్పిన నాలుగు తప్పుల్నీ గౌరవంగా పక్కన పెట్టా. లూర్దమ్మగారి మాటలకి మాత్రం కాగితం మొత్తం తిరగరాసి పంపా. నిన్న సంస్థవాళ్ళు ఫోన్ చేశారు. ఆడవాళ్ళని ఆసుపత్రికి రప్పించకుండా మనమే సీజన్లో గోడౌనుకి వెళ్ళడం బావుందట. ఒకటే లోటు. ఏ గోడౌనో రాయలేదు, యజమాని సంతకం లేదు. అది లేకపోతే అర్జీ తీసుకోరు.

మీరు పెడతారా? మన గోడౌనులో దుమ్ము చిన్నప్పట్నుంచీ నాకు తెలుసు.

మీ ప్రసన్న

తా.క.: ఊపిరి కొలిచే గొట్టం ఒకటి పంపుతున్నా. గట్టిగా ఊదితే ముల్లు జరుగుతుంది, ఎంత ముందుకి పోతే ఊపిరి అంత బావున్నట్టు. నోట్లో పెట్టుకునే విడి మూతులు కూడా పెట్టా, మనిషికొకటి.

---

జగ్గయ్యపేట,
ఫిబ్రవరి 18

తల్లీ ప్రసన్నా,

నీ ఉత్తరం చూసి మూడురోజులు కోపంగా ఉన్నా. నా గోడౌనులో దుమ్ముందని నేనే సంతకం పెట్టాలా? నీ అనుమానం తప్పని తేల్చేసి గొట్టం తిప్పి పంపేద్దామనుకున్నా.

ముందు నేను ఊదా. అరవై తొమ్మిదేళ్ళవాణ్ణి, ముల్లు మూడొందల నలభై దాకా పోయింది. లూర్దమ్మ ఊదితే నూట తొంభై. ఆడమనిషి కదా, అంతే ఉంటుందిలే అని మీ పెద్దమ్మ పుష్పవతిని పిలిపించా. అరవై నాలుగేళ్ళు, మెట్టెక్కితే ఆయాసం. రెండొందల అరవై. గొట్టం చెడిందేమోనని మళ్ళీ ఊదించా. మళ్ళీ అంతే.

లూర్దమ్మకి నలభై రెండేళ్ళు. పదహారేళ్ళుగా నా గోడౌనులోనే కూర్చుంటోంది. "నాకు ఊదటం రాదులెండి బాబూ" అని నవ్వేసింది. రోజూ కళ్ళెదురుగా ఉన్న మనిషి సంగతి నాకు తెలియలేదు. చాలా సిగ్గేసింది.

సంతకం పెట్టి పంపుతున్నా.

పెదనాన్న

తా.క.: తొడిమల పని ఇవాళ్టినుంచి గాలి తగిలేలా ముందు వరండాలోకి మార్చేశా. గోడౌనుకి ఫ్యాన్లు పెట్టడానికి మనిషొచ్చి కొలతలు తీసుకున్నాడు. మీవాళ్ళు వచ్చేసరికి కొలవడానికి దుమ్ము మిగలకపోవచ్చు. దానివల్ల నీ గ్రాంటు పోతే నన్ను నాలుగు తిట్టు, పడతా. ఆ ఆడవాళ్ళని మాత్రం మళ్ళీ లోపల కూర్చోబెట్టను.