ఆయిల్ తాగని ఇంజన్

సోమవారం

నా గడుగ్గాయి మనవరాలికి అమ్మమ్మ దీవెనలు.

నువ్వు రేవులో పరాయివాళ్ళ లారీ తోలుకుంటున్నావు. మన బండి ఇక్కడ షెడ్డులో నోరు తెరుచుకుని కూర్చుంది. "పాత ఇంజన్‌నే బోరు చేయించి బలం పెంచాలో, దించేసి వేరేది ఎక్కించాలో నువ్వే తేల్చు అమ్మమ్మా, బండి నీ పేరున ఉంది" అనేసి వెళ్ళావు. ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, రెండింట్లో ఒకటి తేల్చలేనా అనుకున్నాను. తేల్చలేకపోతున్నాను.

నువ్వు బోల్టు బాబాయి అని పిలిచే మేస్త్రీ నిన్న హెడ్డు విప్పి చూపించాడు. ఆరు సిలిండర్లలో నాలుగింటి లోపలి గోడలు గీతలు పడి ఉన్నాయి. రింగులు అరిగిపోయాయి. "ఇది ఆయిల్ తాగే బండి మామ్మగారూ. ఆ అలవాటు నిన్నా మొన్నా అయింది కాదు" అన్నాడు. నేను నా పుస్తకం తీసి అతని ముందు పెట్టాను. తాతయ్య పోయి నీకు తాళాలిచ్చిన ఈ మూడేళ్ళలోనూ, ఆయన తోలిన రోజుల్లో లాగే, బండి ఇల్లు చేరిన ప్రతిసారీ నేనే ఆయిల్ పుల్ల లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూసి రాసిన లెక్క అది. వెళ్ళేటప్పుడు ఆయిల్ పుల్ల మీది పై గీత దాకా, వచ్చాక కూడా పై గీత దాకా. వెయ్యి కిలోమీటర్లకు పావులీటరు తగ్గిన దాఖలా లేదు. మేస్త్రీ పుస్తకం వంక చూశాడు, ఇంజన్ వంక చూశాడు, బుర్ర గోక్కున్నాడు.

"పుస్తకమే నిజమైతే ఇది ఇంజన్ కాదండీ, ఉపవాసమున్న సన్యాసి."

"నా పుస్తకం అబద్ధం చెప్పదు."

"నా కళ్ళు చెబుతాయా మరి?"

పని కల్పించుకుంటున్నాడేమోనని అవతలి షెడ్డు నుంచి ఇంకొకణ్ణి పిలిపించాను. అతనూ అదే పాట పాడాడు. పిస్టన్ల కింద తిరిగే క్రాంకు ఇరుసు అరుగుదల సరిగ్గా హద్దు మీద ఉందట. అది ఎన్నాళ్ళలో అరిగిందో తెలిస్తే దారి దొరుకుతుందంటాడు మేస్త్రీ. ఈమధ్యనే అయితే కొత్త లైనర్లు, పిస్టన్లు వేసి బలం పెంచే టర్బో పెట్టవచ్చు. ఏళ్ళ తరబడి తాగి ఉంటే మాత్రం దాని బలం పెంచడమంటే మోకాళ్ళ నొప్పులవాడి నెత్తిన బస్తా ఎత్తడమేనట.

బండి ఆయిల్ తాగిన రోజున అమ్మేస్తాను, నువ్వు ఏ ఆఫీసులోనో కుర్చీ చూసుకోవాలి అని తాళాలిచ్చిననాడే నీతో చెప్పాను. పుస్తకాన్ని నమ్మితే అమ్మనక్కరలేదు. ఇంజన్‌ను నమ్మితే అమ్మాలి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపంగా ఉంది నా పని. ఈ లెక్క ఎక్కడ తప్పిందో నీకేమైనా తోస్తే రాయి.

తేల్చలేని
నీ అమ్మమ్మ

శుక్రవారం

అమ్మాయికి,

నువ్వు జవాబు రాయలేదు. ఎందుకు రాయలేదో ఇవాళ తెలిసింది.

మన వీధి మలుపులో పంక్చర్ల దుకాణం ఉంది కదా. సైకిలు చక్రానికి గాలి కొట్టించుకోవడానికి ఆగాను. అతను పాపం ఏమీ ఎరగనివాడు. "అమ్మాయిగారి బండి రావడం లేదేం మామ్మగారూ? ఆవిడ మిగిల్చిన అర డబ్బా ఆయిల్ నా దగ్గరే ఉండిపోయింది" అన్నాడు.

"నీ దగ్గరెందుకుంది?"

"ఇంటికెళ్ళే ముందు ఇక్కడాగి పోసుకుంటారుగా! గరాటు కూడా నాదే."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు. సైకిలు అక్కడే వదిలేసి నడిచి వచ్చేశాను. దారంతా నిన్ను తిట్టాను. గేటు తీసేసరికి తిట్లు అయిపోయాయి. అప్పుడు నా సంగతి గుర్తొచ్చింది. అది కూడా రాయకపోతే నీ అబద్ధం ఒక్కటే లెక్కలోకి వస్తుంది.

పోయిన వానాకాలంలో ఒకసారి నువ్వు మూడు రోజుల ట్రిప్పు తిరిగి వచ్చావు. నేను పుల్ల లాగాను. ఆయిల్ పై గీతకు వేలెడు పైన ఉంది. తుడిచి మళ్ళీ ముంచాను. మళ్ళీ అంతే. ఇంటి నుంచి వెళ్ళినదానికంటే ఎక్కువ ఆయిల్‌తో తిరిగి వచ్చింది బండి! ఏ ఇంజనూ ఆయిల్ ఈనదని నాకు తెలియదా? తెలుసు. పుల్ల చేత్తో పట్టుకుని నీ వైపు చూశాను. నువ్వు బూట్ల లేసులు విప్పుకుంటున్నావు, తల ఎత్తలేదు. నేను "పై గీత" అని రాసి పుస్తకం మూసేశాను. అడిగితే నువ్వు నిజం చెబుతావేమోనని భయం. చెబితే నా మాట ప్రకారం బండి అమ్మాలి. అమ్మితే నువ్వు నన్ను క్షమించవు. అందుకని లెక్కనే వంచాను. పైగా ఆ పుస్తకం పట్టుకుని మేస్త్రీతో పోట్లాడాను.

ఇప్పుడు ఒక్కటే అడుగుతున్నాను. ఎప్పటి నుంచి పోస్తున్నావు? నెలతో సహా రాయి. బండి అమ్మను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నీకేం తీసిపోని
అమ్మమ్మ

ఆదివారం

తల్లీ,

రేవు నుంచి వచ్చే లారీ అతని చేత నువ్వు పంపిన ఉత్తరం చేరింది. నాలుగుసార్లు చదివాను. ఒక సంవత్సరం అంటావేమో, మహా అయితే రెండంటావేమో అనుకున్నాను. నువ్వు రాసింది ఇది: "నేను స్టీరింగ్ పట్టక ముందు నుంచే తాగుతోంది అమ్మమ్మా. తాతయ్యే నేర్పాడు. మలుపులో ఆపి, ఇంజన్ చల్లారేదాకా కూర్చుని, పోసి, చేతులు కడుక్కుని అప్పుడు ఇంటికొచ్చేవాళ్ళం. నేను పక్క సీట్లో కూర్చున్న మొదటి రోజే చూశాను. అప్పటికి నాకు పదహారేళ్ళు."

అంటే ఎనిమిదేళ్ళు.

ఉత్తరం మేస్త్రీకి చదివి వినిపించాను, తాతయ్య మాట వదిలేసి. "ఎనిమిదేళ్ళా! అయితే ఇక ఆలోచన లేదు మామ్మగారూ, మార్చేద్దాం" అన్నాడు. వేరే ఆరు సిలిండర్ల ఇంజన్ ఒకటి చూసి ఉంచాడు. బుధవారం పాతది దించుతారు. కొత్తదాన్ని నడిపించి చూసి, నీ చెవికి బాగుందంటేనే బిగిస్తారు. నువ్వు రావాలి. ఇంజన్ సంగతి తేలిపోయింది.

నా సంగతే తేలలేదు. నలభై రెండేళ్ళు కాపురం చేసిన మనిషి, ఇంటికి రావడానికి ముందు నా కోసం మలుపులో కూర్చుని సిద్ధమయ్యేవాడు. నాకు జడిసి చేశాడా, నన్ను నొప్పించలేక చేశాడా? ఎంత కొలిచినా నాకు అందడం లేదు. కోపం రావాలి, వచ్చింది కూడా. వచ్చి కాసేపు కూర్చుని, ఏం చేయాలో తోచక వెళ్ళిపోయింది.

ఇంజన్ చల్లారేదాకా ఆగేవాళ్ళమని రాశావు. దానికి తక్కువలో తక్కువ పావుగంట పడుతుంది. ఎనిమిదేళ్ళ కిందట అక్కడ కూర్చుని ఆయన నా గురించి నీతో ఏమనేవాడు? ఎక్కిరించాడా? విసుక్కున్నాడా? బుధవారం వచ్చినప్పుడు చెప్పు. మంచిమాట ఒక్కటీ లేకపోయినా సరే, నా కోసం కల్పించకుండా చెప్పు.

ఎదురుచూసే
అమ్మమ్మ